రంగు కింద రహస్యం

రామేశ్వరం దీవికి దారి చూపే పంబన్‌ పాత రైలు వంతెన 1914లో మొదలైంది. 1964 నాటి తుపానులో బాగా దెబ్బతిని, మరమ్మతులతో మళ్లీ నిలబడిన ఆ వంతెన చివరికి తుప్పు ముందు ఓడింది. ఓడల కోసం పైకి లేచే భాగం బలహీనపడటంతో 2022 డిసెంబర్‌లో రైళ్లు ఆపేశారు. రూ.550 కోట్లకు పైగా ఖర్చుతో కట్టిన కొత్త వంతెనను 2025 ఏప్రిల్‌ 6న ప్రధాని ప్రారంభించారు. విచిత్రమేమంటే, అప్పటికే, 2024 నవంబర్‌లోనే రైల్వే భద్రతా కమిషనర్‌ తన నివేదికలో తుప్పు మొదలైందని ఎత్తిచూపారు. పాలీసిలోక్సేన్‌ పూత ఉంది, భయం లేదన్నది రైల్వే జవాబు.

పూత మంచిదే. కానీ డబ్బా మీది పేరు కన్నా డబ్బా తెరవక ముందు జరిగే పనే ముఖ్యం. ఇనుము మీద కంటికి కనిపించని ఉప్పు మిగిలినా అది తేమను లాగి రంగును లోపలి నుంచి పొక్కులు లేపుతుంది. అందుకే ముందు ఇసుకలాంటి గరుకు రేణువులను ఒత్తిడితో కొట్టి లోహం తెల్లగా మెరిసేదాకా శుభ్రం చేస్తారు. జింకు పూత వేస్తే ఇనుముకు బదులు అది కరుగుతుంది. బోల్టులు, అంచులు, అతుకుల దగ్గర రంగు పలచబడుతుంది, తుప్పు మొదలయ్యేదీ అక్కడే. విశాఖ బీచ్‌ రోడ్డులో ఇంటి గేటుకు రంగు వేయించే వారికీ ఇదే వర్తిస్తుంది (తుప్పు మీదే సిల్వర్‌ పెయింట్‌ పూసేసే మేస్త్రీలకు కొదవ లేదు).

అయితే ప్రారంభోత్సవానికి దొరికిన నిధులు గీకుడు పనికి ఏటా దొరుకుతాయా అన్నదే పంబన్‌లో అసలు ప్రశ్న.