రెండు దారులు, ఒక తల్లి



సెల్‌ఫోనులో ఆడే ప్రేమకథల ఆటలు మీలో కొందరు ఎరుగుదురు. కథ నడుమ ఆగి, "ఇప్పుడు నీవేమి చేస్తావు?" అని అడుగుతుంది. మీరు ఎంచుకున్న దారినే కథ సాగుతుంది. ఒక దారిని మంచిగా, రెండవదానిని చెడుగా రాయడం తేలిక. కాని బ్రతుకు అంత తేలిక కాదు.

హైదరాబాదులో ఆంగ్లేయుల రెసిడెంటుగా ఉన్న జేమ్స్ కిర్క్‌పాట్రిక్, పాతబస్తీలోని గొప్ప కుటుంబపు యువతి ఖైరున్నీసాను ప్రేమించి పెండ్లాడాడు. వారికి ఒక కొడుకు, ఒక కూతురు. 1805లో ఆ పసిపిల్లలిద్దరినీ తండ్రి ఓడమీద ఇంగ్లండుకు పంపించాడు. తల్లికి మనసొప్పలేదు. ఆ అక్టోబరులోనే తండ్రి కలకత్తాలో మరణించాడు. 1806లో పిల్లలు లండనులో బాప్తిస్మము పొందారు, పేర్లు మారిపోయాయి. తల్లి బిడ్డలను మరల చూడకుండానే 1813లో కన్నుమూసింది.

ఆ తండ్రి దుష్టుడా? తల్లిదండ్రులలో ఒకరు భారతీయులైతే కంపెనీ కొలువు ఇవ్వరాదని 1791లోనే నిషేధించారు. బిడ్డల మేలు కోరే పంపాడు. అయినా ఆ తల్లి కన్నీరు అబద్ధం కాదు.

కాబట్టి, ఇలాంటి కథలు రాయాలనుకునే తమ్ముడా, చెల్లీ! రెండు దారులకూ సరియైన కారణం చూపించండి. ఏ దారి ఎంచుకున్నా, దాని భారం ఎవరిమీద పడిందో దాచకండి. ఆట ముగిసినప్పుడు "గెలిచాను" అనుకోవడం కాదు, ఆడినవారు ఇంట్లో తమ తల్లి ముఖం వంక ఒకసారి చూడాలి.