బల్లమీది గంట

1953 అక్టోబరు 1వ తేదీన కర్నూలు ఆంధ్రరాష్ట్రమునకు రాజధానియైనప్పుడు, కార్యాలయములకు చాలినన్ని భవనములు లేక, తుంగభద్రాతీరమందలి ఆ పట్టణమున డేరాలు వేసి ప్రభుత్వమును నడపిరన్న సంగతిని మన పెద్దలు నేటికిని చెప్పుకొనుచుందురు. ఒక డేరానుండి మరియొక డేరాకు కాగితము చేరవలెనన్న ఎవరో ఒకరు ఎండలో నడువక తప్పెడిది కాదు.

ఆ సంవత్సరమే లండనులో జెర్రీ మోరిస్ అను వైద్యుడును ఆయన సహచరులును 'లాన్సెట్' పత్రికయందు ఒక పరిశోధనను ప్రకటించిరి. రెండంతస్తుల బస్సులలో దినమెల్ల కూర్చుండి చక్రము త్రిప్పు డ్రైవరులకంటె, అదే బస్సులో మెట్లెక్కుచు దిగుచు టిక్కెట్టులిచ్చు కండక్టరులకు హృద్రోగము తక్కువగా వచ్చుచున్నదనియు, తిరిగి ఉత్తరములు పంచు తపాలావారికిని, బల్లయొద్ద కూర్చుండు గుమాస్తాలకును నడుమ అట్టి భేదమే కలదనియు వారు కనుగొనిరి.

మన సీమలో గుంటకతోలి, గొర్రుపట్టి, వేరుసెనగ చేలలో ప్రొద్దుగూకులు వంగి లేచిన రైతుల బిడ్డలే నేడు కర్నూలు, కడప కలెక్టరు కార్యాలయములలోను, బ్యాంకులలోను, 2019లో వెలసిన గ్రామసచివాలయములలోను కంప్యూటరులముందు కూర్చున్నారు. ఆ కొలువు తల్లిదండ్రుల చెమట ఫలము. దానిని నేను నిందింపను. కాని తండ్రి తిన్న సంగటిముద్ద సాయంకాలమునకు చేనిలోనే కరిగిపోయెడిది. కుమారుడు తిన్న అన్నమో, ఫ్యానుక్రింద కదలక కూర్చున్న దేహములో చక్కెరయై రక్తమున నిలిచిపోవుచున్నది. కాళ్ల కండరములు కదలినప్పుడే ఆ చక్కెరను అవి విరివిగా గ్రహించును. పిక్కలు బిగిసి సడలినప్పుడే క్రిందికి దిగిన రక్తము సులువుగా గుండెవైపు మరలును. అందుచేత భోజనానంతరము కుర్చీకి అతుక్కొనిపోవుట కన్న, మధ్యమధ్య లేచి నాలుగడుగులు వేయుట ఎంతో మేలు.

ఏప్రిలు, మే నెలలలో నలువది డిగ్రీలు దాటు మన ఎండలో మిట్టమధ్యాహ్నము రోడ్డుపై నడువుడని చెప్పుట అన్యాయము. అట్టి అవసరమును లేదు. వారమునకు 150 నుండి 300 నిమిషములు ఓ మోస్తరు శ్రమ చేయవలెనని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2020లో సూచించుచు, పది నిమిషములకు తక్కువైన నడక లెక్కకు రాదన్న పాత నియమమును తీసివేసినది. వరండాలో రెండు నిమిషములు నడచినను, మెట్లెక్కి పై అంతస్తునకు పోయినను ఆ లెక్కలోనిదే.

మరి అడ్డమేమి? నా దృష్టిలో అధికారి బల్లమీది గంటయే. అది మ్రోగగానే అటెండరు పరుగెత్తి వచ్చును, మూడడుగుల దూరమందలి ఫైలు చేతికి అందును, మంచినీళ్లు వచ్చును. కదలకుండుటయే హోదాకు గుర్తైనచోట, అధికారిని చూచి గుమాస్తాయు, గుమాస్తాను చూచి క్రొత్తగా చేరిన యువకుడును కుర్చీ విడుచుటను చిన్నతనముగా తలంచుట నేర్చుకొనుచున్నారు. లేచి నిలిచినవాడు పని ఎగగొట్టుచున్నాడను అనుమానము దీనికి తోడు. మోరిస్ చూచిన కండక్టరు మన ఆఫీసులలో ఎవరన్న, ఆ అటెండరే!

ఈ జాడ్యము మన పరిపాలనకు పుట్టుకతో వచ్చినదియు కాదు. 1800 నుండి 1807 వరకు దత్తమండలములను కలెక్టరుగా ఏలిన థామస్ మన్రో, గుర్రముపై ఊరూరు తిరిగి, డేరాలలో బసచేసి, రైతులను వారి గ్రామములలోనే చూచి శిస్తు నిర్ణయించెను. గవర్నరైన తరువాత సైతము ఆయన తిరుగుట మానలేదు. 1827 జూలై 6న కలరా సోకి పర్యటనలోనే పత్తికొండయందు మరణించెను. ప్రజలయొద్దకు తానే కదలి వెళ్లుట ఉద్యోగధర్మములోనిదని ఆయన ఎరుగును.

కనుక ముందుగా లేవవలసినవారు పై అధికారులు. మంచినీళ్ల కూజాను వరండా చివర ఉంచుడు. చిన్న సమావేశములను నిలుచుండియే ముగింపుడు. అరగంటకొకసారి లేచు గుమాస్తాను గద్దింపకుడు. అటెండరు కొలువునకు దీనివలన ముప్పు రాదు, అతనికి వేరు పనులు కావలసినన్ని కలవు. రేపు ఉదయము మీ బల్లమీది గంటను సొరుగులో పెట్టి, మొదటి ఫైలును మీ చేతులతోనే ప్రక్కగదికి తీసికొనిపొండు.