భుజాన నక్షత్రం... బతుకుకు భరోసా!
సైనిక అకాడమీల వైపు యువత చూపు
పదేళ్లకే మొదలవుతున్న పరుగు

విజయనగరం: వేకువజామున ఉత్తరాంధ్ర రహదారుల వెంట పరుగు తీసే యువకులను చూస్తే ఈ ప్రాంతానికి సైన్యంతో ఉన్న అనుబంధం తెలుస్తుంది. పదో తరగతి గట్టెక్కగానే నియామక ర్యాలీకి సిద్ధం కావడం శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో కొత్త కాదు. ఊరి పేరుకు ముందే మిలటరీని చేర్చుకున్న పశ్చిమ గోదావరి జిల్లా మాధవరానిదీ ఇదే బాట. అయితే ఇలాంటి ఇళ్లలోనే ఇప్పుడు బిడ్డ జవానుగా కాక అధికారిగా వెళ్లాలన్న ఆశ బలపడుతోంది. దీనికి దేశభక్తి ఒక్కటే కారణమని తేల్చేయడం సులువే. కానీ మధ్యతరగతి కుటుంబం కాగితం మీద వేసుకునే లెక్క కూడా దీని వెనుక ఉంది.

ఫీజు లేని డిగ్రీ
పుణె సమీపాన ఖడక్‌వాస్లాలోని జాతీయ రక్షణ అకాడమీలో శిక్షణ మూడేళ్లు. బోధన, వసతి, భోజనం ఖర్చు ప్రభుత్వానిదే. చేతిఖర్చులు, కొద్దిపాటి డిపాజిట్లు మాత్రమే తల్లిదండ్రులు భరించాలి. శిక్షణ పూర్తయ్యేసరికి జవహర్‌లాల్‌ నెహ్రూ విశ్వవిద్యాలయం డిగ్రీ చేతికందుతుంది. ఆ తర్వాత సైన్యానికి ఎంపికైన వారికి డెహ్రాడూన్‌లో ఏడాది శిక్షణ ఉంటుంది. ఆ కాలంలో నెలకు రూ.56,100 భృతి ఇస్తారు. ఇంజినీరింగ్‌ సీటుకు లక్షలు పోసి, ఆపై ఉద్యోగం కోసం ఏళ్లు ఎదురుచూసే కుటుంబాలకు ఇది చిన్న విషయం కాదు.

2022 జూన్‌లో ప్రకటించిన అగ్నిపథ్‌ పథకం ఈ లెక్కను మరింత మార్చింది. నాలుగేళ్ల సేవ తర్వాత నూటికి 25 మందికి మించి కొనసాగించబోమన్న నిబంధనతో జవాను కొలువుకు ఉన్న శాశ్వత భరోసా సడలింది. ఆ నెల 17న సికింద్రాబాద్‌ రైల్వేస్టేషన్‌లో చెలరేగిన విధ్వంసం, పోలీసు కాల్పుల్లో ఓ యువకుడి మృతి తెలుగు నేల మరచిపోలేదు. అధికారుల నియామకానికి ఈ పథకం వర్తించదు. దాంతో ఇంటర్‌ వరకు చదివించగల స్తోమత ఉన్నవారి చూపు అకాడమీ వైపు మళ్లడంలో వింత లేదు.

ఆశయం ఒకటి... ఆచరణ మరొకటి
అధికారుల్లో అన్ని ప్రాంతాల, అన్ని వర్గాల పిల్లలకూ చోటు దక్కాలన్న ఉద్దేశంతో 1961లో నాటి రక్షణ మంత్రి కృష్ణ మేనన్‌ సైనిక్‌ స్కూళ్లకు అంకురార్పణ చేశారు. మరుసటి ఏడాది జనవరిలో, పి.వి.జి.రాజు ఇచ్చిన కోరుకొండ ప్యాలెస్‌లో విజయనగరం జిల్లా పాఠశాల ప్రారంభమైంది. రాయలసీమలోని కలికిరిలో రెండోది 2014లో వచ్చింది. వీటిలో 67 శాతం సీట్లు సొంత రాష్ట్రం పిల్లలవే.

ఆరో తరగతి ప్రవేశానికి పది, పన్నెండేళ్ల మధ్య వయసుండాలి. మూడు వందల మార్కుల పరీక్షలో సగం గణితానివే. అంటే నాలుగో తరగతిలోనే కోచింగ్‌ కేంద్రం మెట్లెక్కాలి. ఆ వయసు పిల్లవాడు యుద్ధనౌక కావాలంటాడు, మర్నాడు విమానం కావాలంటాడు. నిర్ణయం మాత్రం అమ్మానాన్నలదే. పైగా సైనిక్‌ స్కూలు ఫీజు ఏడాదికి లక్ష రూపాయలు దాటింది. ఉపకార వేతనాలున్నా, కోచింగ్‌ ఖర్చు భరించలేని కూలి బిడ్డకు తొలి మెట్టే అందడం లేదు. ఇది మేనన్‌ కోరుకున్నది కాదు.

మాటే అడ్డుగోడ
ఆరో తరగతి ప్రవేశపరీక్షను తెలుగులో రాయవచ్చు. అకాడమీ కోసం యూపీఎస్సీ ఏటా రెండుసార్లు నిర్వహించే పరీక్ష మాత్రం ఆంగ్లం, హిందీల్లోనే ఉంటుంది. రాతపరీక్షకు 900 మార్కులైతే, సర్వీసెస్‌ సెలక్షన్‌ బోర్డుకూ అన్నే మార్కులు. అయిదు రోజుల పాటు మనస్తత్వ పరీక్షలు, బృంద కార్యాలు, ముఖాముఖి ఉంటాయి. బొమ్మ చూసి కథ అల్లాలి, అపరిచితుల నడుమ వాదన నిలబెట్టాలి. ఎంపీసీ లెక్కల్లో ఆరితేరినా, రెండేళ్లు హాస్టల్‌ గదిలో బట్టీకే అంకితమైన కుర్రాడు తడబడేది ఇక్కడే. రక్షణ దళాల్లో అధికారుల ఖాళీలు వేలల్లో ఉన్నా బోర్డు తన ప్రమాణాలను తగ్గించుకోదు. సైనిక్‌ స్కూళ్లలో చదివిన వారిలోనూ పలువురు చివరకు ఇంజినీరింగ్‌ కళాశాలలకే చేరుతున్నారు.

బాలికలకు ఈ తలుపు ఆలస్యంగా తెరుచుకుంది. 2021-22 నుంచి అన్ని సైనిక్‌ స్కూళ్లలో, సుప్రీంకోర్టు జోక్యంతో 2022 నుంచి ఖడక్‌వాస్లాలో ప్రవేశం లభించింది. తొలి బృందంలోని 17 మంది యువతులు 2025 మే 30న శిక్షణ ముగించుకున్నారు.

ఇంటి లెక్కల్లోకి రాని పద్దు మరొకటుంది. శిక్షణలో గాయపడి వైకల్యంతో వెనుదిరిగే క్యాడెట్‌కు మాజీ సైనికుడి హోదా దక్కదు. అప్పటికి అతను అధికారిగా నియమితుడు కాకపోవడమే కారణం. ఎక్స్‌గ్రేషియాతోనే సరిపెట్టుకోవాలి. ఇలాంటి వారి దుస్థితిని సుప్రీంకోర్టు 2025 ఆగస్టులో తనంతట తానుగా విచారణకు స్వీకరించింది. ఆ నెలలోనే వారికి మాజీ సైనికుల ఆరోగ్య పథకాన్ని వర్తింపజేసేందుకు కేంద్రం అంగీకరించింది.