పరదేశంలో కాళ్ళకు పని

ఈ వారం ఉత్తరాల కట్టలో కోడుమూరు నుంచి వచ్చిన ఒక కవరును రెండు మూడుసార్లు తీసి చదువుకున్నాను. వ్రాసినావిడకు అరవైమూడేళ్ళు. పేరు వేయవద్దన్నారు గనుక వేయడం లేదు. ఒక్కగానొక్క కూతురు, అల్లుడు లండనులో ఉద్యోగాలు చేస్తున్నారట. మొదటి కాన్పుకు వెళ్ళి ఆరు నెలలుండి వచ్చారు. తక్కినది ఆవిడ మాటల్లోనే వినండి:

"అక్కా, యాడికి పోవల్లన్నా కారే. నడిచేది లేదు, ఒకరితో మాట్లాడేది లేదు. అద్దాల్లోంచి వాన చూస్తా కూచునేది. తిరిగొచ్చేసరికి మోకాళ్ళు పట్టుకుపాయె, షుగరు ఎక్కువాయె. ఇప్పుడు రెండో కాన్పుకు రమ్మంటాంది. పోకుంటే బిడ్డ బాధపడ్తాది. పోతే నా కాళ్ళు పోతాయి. ఏం చేయల్ల?"

ఇది చదివి, "విమానమెక్కి సుఖపడి వచ్చి ఈ ఏడుపేమిటి?" అనేవాళ్ళు ఉంటారు. వాళ్ళ మాటలు పట్టించుకోకండి, అక్కగారూ. మీరు చెప్పినది అక్షరాలా నిజం.

కోడుమూరులో మీ దినచర్య ఒకసారి తలచుకోండి. తెల్లవారకముందే వాకిలి ఊడ్చి నీళ్ళు చల్లడం, బిందెలు మోయడం, వడియాలు ఎండబోయడానికి మిద్దె ఎక్కి దిగడం, అంగడికీ గుడికీ నడిచి పోయి రావడం! దీన్ని వ్యాయామమని ఎవరూ అనలేదు, మీరూ అనుకోలేదు. అయినా మీ మోకాళ్ళను, షుగరును అదుపులో పెట్టినది చాలావరకూ ఆ పనులే. లండనులో అవన్నీ ఒక్కసారిగా ఆగిపోయినాయి. తిండి మాత్రం ఆగలేదు!

విచిత్రమేమంటే, ఈ సంగతిని లోకానికి ఋజువు చేసింది ఆ లండను నగరమే. జెర్రీ మారిస్ అనే వైద్యుడు, ఆయన సహచరులు అక్కడి రెండంతస్తుల బస్సుల సిబ్బందిని పరిశీలించి, 1953లో 'లాన్సెట్' వైద్యపత్రికలో ఫలితాలు ప్రకటించారు. పొద్దంతా కూర్చుని బస్సు నడిపే డ్రైవర్లకంటే, టిక్కెట్లు కొడుతూ రోజూ వందలకొద్దీ మెట్లెక్కి దిగే కండక్టర్లకు గుండెజబ్బు తక్కువగా వచ్చిందని తేలింది. ఇద్దరిదీ ఒకే బస్సు, ఒకే ఊరు. తేడా అంతా కాళ్ళకు పని ఉండడంలోనే ఉంది. కోడుమూరులో మీరు కండక్టరు, లండనులో డ్రైవరు అయిపోయారన్నమాట!

మరి ఉపాయం? అక్కడ మీ వాకిలి, మీ మిద్దె దొరకవు. తోటలు మాత్రం కావలసినన్ని ఉన్నాయి. పేటపేటకూ పార్కులే. చాలావాటికి టిక్కెట్టు ఉండదు, కాపలావాడు అడ్డగించడు.

అన్నిటికంటే ముందు మీకు 'పార్క్‌రన్' గురించి చెప్పాలి. 2004 అక్టోబరు 2న పాల్ సింటన్-హ్యూయిట్ అనే ఆయన లండను పడమటి వైపున, జింకలు తిరిగే బుషీ పార్కులో దీన్ని మొదలుపెట్టారు. ఆ మొదటి రోజున పరుగెత్తినవాళ్ళు 13 మంది. ఇప్పుడది అనేక దేశాలకు పాకింది. ఇంగ్లండులో ప్రతి శనివారం పొద్దున తొమ్మిది గంటలకు అందరూ పార్కులో చేరి అయిదు కిలోమీటర్లు పోతారు. రుసుము లేదు. ఒక్కసారి పేరు నమోదు చేసుకుంటే చాలు, అదీ ఉచితమే.

"పరుగా! ఈ వయస్సులోనా!" అని పత్రిక పక్కన పడేయకండి. నడిచేవాళ్ళనూ మనసారా రమ్మంటారు. పైగా అక్కడ ఒక చక్కని ఏర్పాటుంది. అందరికంటే వెనుక నడవడమే పనిగా ఒక కార్యకర్త ఉంటారు. కనుక ఎంత నెమ్మదిగా నడిచినా మీరు కడపటివారు కారు! జీతగాళ్ళు లేకుండా, వచ్చేవాళ్ళలో కొందరు వారం వారం స్వచ్ఛందంగా పని చేయడంవల్లనే అది ఉచితంగా సాగుతున్నది. కాళ్ళు నొప్పిగా ఉన్న రోజున మీరూ మలుపు దగ్గర నిలబడి దారి చూపి, చప్పట్లు కొట్టవచ్చు. చప్పట్లకు ఇంగ్లీషు అక్కరలేదు గదా! మనుమరాలికి నాలుగేళ్ళు నిండితే, పిల్లలకు ఆదివారాలు కొన్ని పార్కుల్లో రెండు కిలోమీటర్ల పరుగు వేరే ఉంది.

అయిదు కిలోమీటర్లు మొదట్లోనే ఎక్కువనిపిస్తే, 'రాంబ్లర్స్' అనే సంఘంవారు నడిపే ఆరోగ్యపు నడకలున్నాయి. పది నిమిషాల చిన్న నడక మొదలు గంటన్నర దాకా ఉంటాయి. దారి తెలిసినవారు వెంట వస్తారు. ఇవీ ఉచితమే. మట్టి చేతికి అంటితే తప్ప తోచనివారికి 'గ్రీన్ జిమ్' ఉంది. 1990ల చివర ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో విలియం బర్డ్ అనే వైద్యుడి ఆలోచనతో పుట్టింది. కొంతమంది చేరి, ఒళ్ళు కాస్త వేడెక్కించుకుని, చెట్లు నాటడం, కలుపు తీయడం వంటి పనులు చేస్తారు. కలుపు తీయడంలో మీరే వాళ్ళకు పాఠం చెప్పగలరనుకుంటాను!

ఎంత నడవాలంటారా? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిన లెక్క ప్రకారం పెద్దవాళ్ళు వారానికి కనీసం 150 నిమిషాలు కాస్త చురుగ్గా కదలాలి. అంటే రోజుకు అరగంట చొప్పున అయిదు రోజులు. అరవై అయిదు దాటినవారు వారానికి మూడు రోజులు తూలి పడకుండా నిలదొక్కుకునే అభ్యాసం కూడా చేయడం మంచిదన్నారు. కుర్చీ వీపు పట్టుకుని లేచి కూర్చోవడంతో అది ఇంట్లోనే మొదలుపెట్టవచ్చు.

ఇక జాగ్రత్తలు. బయలుదేరేముందు మీ డాక్టరుకు చూపించుకుని, ఎంత నడవవచ్చో అడగండి. మందుల చీటీ వెంట ఉంచుకోండి. ప్రయాణపు బీమా తీసుకోకుండా విమానమెక్కకండి. షుగరున్నవారు చెప్పులతో నడవకూడదు. పట్టు జారని బూట్లు, ఉన్ని మేజోళ్ళు కొనుక్కుని, రాత్రి పడుకోబోయే ముందు పాదాలు చూసుకోండి. తడిసిన ఆకులమీద కాలు జారుతుంది. చీర కుచ్చెళ్ళు కాస్త పైకి కట్టండి. డిసెంబరులో అక్కడ నాలుగు గంటలకే పొద్దు గూకుతుంది, కాబట్టి నడక మధ్యాహ్నం లోపలే ముగించాలి. నడుస్తుండగా గుండెలో నొప్పి, ఆయాసం అనిపిస్తే ఆగిపోండి, వెంటనే ఎవరికైనా చెప్పండి.

ఇప్పుడు ఆ లండను బిడ్డతో రెండు మాటలు. అమ్మాయీ, అమ్మ తప్పిపోతుందేమోనని నీ భయం. ఆ భయంతోనే తలుపు వేసి పోతున్నావు. వచ్చిన మొదటి వారం నువ్వే వెంట నడిచి, ఇంటి నుంచి పార్కుకు ఒక్క దారి నేర్పు. ఇంటి చిరునామా కాగితంమీద వ్రాసి ఆవిడ సంచిలో పెట్టు. కాన్పయ్యాక డాక్టరు సరేనన్నప్పుడు నీకూ నడక అవసరమే. పసిబిడ్డ బండి తోసుకుంటూ ముగ్గురూ కలిసి పోవచ్చు. అమ్మను పిలిపించుకున్నది వంటకూ పసిపిల్ల కాపలాకూ మాత్రమే కాదని, ఆ అరగంటలో ఆవిడకు తెలుస్తుంది.

ఇంకొక సంగతి మరువరాదు. కడప, రాయచోటి వైపు నుంచి కువైట్‌లో ఇంటిపనులకు పోయిన అక్కచెల్లెళ్ళు ఎందరో ఉన్నారు. వాళ్ళకు కాళ్ళకు పని చెప్పనక్కరలేదు. వాళ్ళకు కావలసినది వారానికొక సెలవు, కంటినిండా నిద్ర. పరదేశమంటే అందరికీ ఒక్కటి కాదు.

అక్కగారూ, నిశ్చింతగా వెళ్ళి రండి. అయితే నడక లండనులోనే మొదలుపెట్టాలని లేదు. ప్రయాణానికి ఇంకా వ్యవధి ఉంది గదా, రేపు పొద్దున్నే ఇరుగుపొరుగు ఆడవాళ్ళను ఇద్దరు ముగ్గురిని కూడగట్టుకుని హంద్రి దిక్కుకు ఒక అరగంట నడవండి. అక్కడ మొదటి శనివారం గడిచాక నాకొక ఉత్తరం వ్రాయండి. ఎన్ని కిలోమీటర్లు నడిచారో చెప్పకపోయినా ఫరవాలేదు. ఎవరితో మాట్లాడారో చెప్పండి చాలు.