రికార్డింగ్‌కి ఫోన్ ట్యూనర్ యాప్ సరిపోతుందా? నన్నడిగితే సరిపోదు

ఫోన్‌లో ఫ్రీ యాప్ ఉండగా ట్యూనర్‌కి డబ్బులెందుకని నేనూ చాలాకాలం అన్నాను. ఫ్రెండ్ షార్ట్ ఫిల్మ్ కోసం మా రూమ్‌లో అకౌస్టిక్ గిటార్ రికార్డ్ చేసేదాకా! ఒకే పార్ట్‌ని రెండుసార్లు వాయించాం. విడివిడిగా వింటే రెండూ ఓకే. కలిపితే సౌండ్ అలలా ఊగుతోంది. రాత్రంతా ప్లగిన్లని తిట్టుకున్నా. తీరా చూస్తే తేడా ట్యూనింగ్‌లోనే ఉంది.

లెక్క చూడండి. ఒక సెమీటోన్ అంటే 100 సెంట్లు. 440 హెర్ట్జ్ దగ్గర 2 సెంట్లంటే సుమారు అర హెర్ట్జ్. అంటే ఆ రెండు ట్రాక్‌లు కలిసినప్పుడు రెండు సెకన్లకోసారి సౌండ్ పెరిగి తగ్గుతుంది. స్టేజ్ మీద ఎవరికీ తెలీదు, హెడ్‌ఫోన్స్‌లో మాత్రం దొరికిపోతాం.

బాస్ టీయూ-3 పెడల్ స్పెక్ ±1 సెంట్. ఒక టేక్ అటు, ఇంకోటి ఇటు పోతే ఆ 2 సెంట్లు వచ్చేసినట్టే. లైవ్‌కి అది మంచి పెడలే, కాదనను. స్టూడియోకి మాత్రం 0.1 సెంట్ చూపించే పీటర్సన్ స్ట్రోబోక్లిప్ లాంటి స్ట్రోబ్ ట్యూనరే నా ఓటు. పైగా క్లిప్ ట్యూనర్ గిటార్ చెక్కలోని వైబ్రేషన్‌ని పట్టుకుంటుంది. ఫోన్ మైక్ మన ఫ్యాన్‌ని కూడా వింటుంది. కాకపోతే స్ట్రోబ్ డిస్‌ప్లే ఓ పట్టాన నిలవదు, మొదట్లో చిరాకే. తీగ మీటగానే పిచ్ కాస్త పైకెళ్లి దిగుతుంది, అది దిగాక చూడండి.

ఎలక్ట్రిక్ గిటార్, ఆడియో ఇంటర్‌ఫేస్ ఉన్నవాళ్లు ముందు రీపర్‌లోని రీట్యూన్ వాడి చూడండి, వేరే ఖర్చుండదు. మేమైతే ఆ పార్ట్ మొత్తం మళ్లీ వాయించాం, మే నెలలో, ఫ్యాన్ ఆపేసి.