అమ్మీ రోజా, భాంజీ థీసిస్

కిందటేడు రంజాన్‌లో ఒక సాయంత్రం అసర్ నమాజ్ అయ్యాక అమ్మీ వంటింట్లో పడిపోయింది. ఒళ్లంతా చెమటలు, చేతులు వణుకు. సెహ్రీలో షుగర్ మాత్ర ఎప్పటిలాగే వేసుకుని రోజా ఉంది. పక్కింటి పిల్ల చక్కెర నీళ్లు తాగిస్తే తేరుకుంది. తేరుకున్నాక కూడా ఆమె ఫిక్రంతా రోజా తెగిపోయిందనే!

అప్పుడు మా ఆపా కూతురు ఎండీ జనరల్ మెడిసిన్ మొదటి ఏడు. థీసిస్‌కి టాపిక్ ఇవ్వాల్సిన రోజులు. నానీ సంగతి విన్నాక దానికో సవాల్ పుట్టింది. వించిపేట నుంచి బందరు దాకా మన ఇళ్లల్లో షుగర్ ఉండి కూడా రోజా ఉండేవాళ్లెందరు? వాళ్లలో ముందే డాక్టర్ని అడిగి మందు మార్చుకునేవాళ్లెందరు? గైడ్‌ని అడిగితే, "వార్డు వదిలి మొహల్లాలు తిరగడానికి నీకు టైమెక్కడిదమ్మా? రికార్డు రూంలో ఉన్న కేసు షీట్లతో అయిపోయేది తీసుకో" అన్నారట. తీసుకుంది. ఆయన చెడ్డవాడేం కాదు, ఆయనకీ ఎవరూ తహ్కీక్ నేర్పి ఉండరు.

ఆ సవాల్ ఉత్తిది కాదు. 2001లో పదమూడు ముస్లిం జనాభా ఉన్న దేశాల్లో పన్నెండు వేల పైచిలుకు షుగర్ మరీజుల మీద ఎపిడియార్ అనే పరిశోధన చేశారు. అందులో మన దేశమూ ఉంది. టైప్ 2 వాళ్లకి ఆస్పత్రిలో చేర్చాల్సినంతగా షుగర్ పడిపోవడం రంజాన్‌లో ఏడున్నర రెట్లు పెరిగిందని తేలింది. (ఇంట్లో షుగర్ ఉన్న పెద్దలుంటే షాబాన్‌లోనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.) కానీ మన వించిపేట అమ్మీలు సెహ్రీలో ఏం తింటారో, ఏ మాత్ర ఎప్పుడు వేసుకుంటారో ఆ లెక్క చెప్పదు. అది ఇక్కడివాళ్లే అడిగి రాయాలి.

ఇక్కడ అడగాల్సినవి ఇంకా ఉన్నాయి. ఎ.కొండూరు తండాల్లో కిడ్నీలు పాడై ఎందరో పోతున్నారు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో తన బృందంతో తెచ్చిన మందే, మన డెల్టాలో బోదకాలు రాకుండా ఇంటింటికీ పంచిన డీఈసీ మాత్ర. ఆయన సముద్రం దాటాల్సి వచ్చింది. మన పిల్లలు ఆటో ఎక్కితే చాలు.

రూల్స్ లేక కాదు. పీజీ డాక్టర్లు పరిశోధనా పద్ధతుల మీద ఆన్‌లైన్ కోర్సు పూర్తి చేయాలి, ఆ సర్టిఫికెట్ లేకపోతే పరీక్షకి కూర్చోనివ్వరు. చెన్నైలోని ఐసీఎంఆర్ సంస్థ ఆ కోర్సు నడుపుతోంది. మా భాంజీ కూడా నైట్ డ్యూటీ మధ్యలో ఫోన్‌లో వీడియోలు చూసి పాసయింది. చూసింది వాడే చోటేది? జిల్లా ఆస్పత్రుల్లో మూడు నెలలు పనిచేయాలని ఇంకో నియమం ఉంది. ఆ మూడు నెలల్లో వారానికి ఒక్క రోజు డ్యూటీ తీసేసి ఊళ్లలో సవాళ్లు అడగనిస్తే, లెక్కలు చూసేందుకు కాలేజీలో ఒక స్టాటిస్టిక్స్ మనిషిని కూర్చోబెడితే, థీసిస్ అటకెక్కే పుస్తకం కాకుండా పోతుంది. ఇప్పుడైతే ఆ లెక్కలు బయటెవరికో డబ్బులిచ్చి చేయించుకుంటున్నారని అదే చెప్పింది.

మనమేం తక్కువ తినలేదు. ఇంటికొచ్చినప్పుడల్లా "నర్సింగ్ హోం ఎప్పుడు? రిష్తా ఎప్పుడు?" అని అడుగుతాం. "ఏం కనుక్కుంటున్నావు బేటా?" అని ఒక్కరమూ అడగలేదు. నేనూ అడగలేదు.

మొన్న జుమేరాత్ నాడు అదే ఫోన్ చేసింది. "మామూ, థీసిస్ ఇచ్చేశా. మన మస్జిద్‌కొచ్చే షుగర్ వాళ్లు ఓ యాభై మంది నాతో మాట్లాడతారా? ఆడవాళ్ల దగ్గరికి ఇళ్లకే వస్తా. ముందు ఎథిక్స్ కమిటీ పర్మిషన్ తీసుకుంటాలే."

రేపు జుమ్మా అయ్యాక సదర్ సాబ్‌ని కలవాలి. మొదటి పేరు మాత్రం అమ్మీ తనదే రాయమంది.