బినోదినిని ఉద్ధరించింది ఎవరు?

బెంగాలీ రంగస్థల నటి బినోదినీ దాసి (1863-1941) పేరు ఎత్తగానే భక్తులు ఒక కథ చెబుతారు. 1884 సెప్టెంబర్ 21న రామకృష్ణ పరమహంస కలకత్తాలో స్టార్ థియేటర్‌కి వచ్చి గిరీశ్ చంద్ర ఘోష్ రాసిన ‘చైతన్య లీల’ నాటకం చూశారు. చైతన్యుడి వేషం వేసింది బినోదిని. నాటకం అయ్యాక ఆయన ఆమెను ఆశీర్వదించారు. దాంతో ఒక వేశ్య పావనమైంది, నాటకశాల కూడా పవిత్రమైంది. ఇదీ కథ.

ఆయన వచ్చిన మాట, ఆశీర్వదించిన మాట నిజమే. కాని ఆ ‘దాంతో’ అనే మాట దగ్గర మనం కాస్త ఆగి ఆలోచించాలి. ఆశీర్వాదం వల్ల బినోదిని బతుకులో ఏం మారింది?

ఆమె కలకత్తాలో వేశ్యావాటికలో ఒక పేద ఇంట్లో పుట్టింది. 1874లో, పదకొండేళ్ల వయసులో స్టేజీ ఎక్కింది. ‘సంసారుల’ ఇళ్ల నుంచి ఆడవాళ్లు నాటకాలకి రాని రోజులవి. 1873లో బెంగాల్ థియేటర్ వాళ్లు స్త్రీ పాత్రలకి స్త్రీలనే తీసుకోవాలని నిర్ణయించి వేశ్యావాటికల నుంచి నటీమణులను తెచ్చారు. అది నచ్చక, ఆ థియేటర్ సలహా సంఘం నుంచి తప్పుకున్న పెద్దమనిషి ఎవరో తెలుసా? వితంతు వివాహాల చట్టం కోసం పోరాడిన ఈశ్వరచంద్ర విద్యాసాగర్! మనం గౌరవించేవారి పరిమితులను కూడా దాచకుండా చెప్పుకోవాలి.

మన తెలుగునాట ఈ చిక్కుకి ఇంకో దారి కనిపెట్టారు. స్త్రీ వేషాలు మగవాళ్లే కట్టారు. స్థానం నరసింహారావు గారికి 1956లో పద్మశ్రీ వచ్చింది. ఆయన ప్రతిభకి అది తగినదే. కాని ఆడది స్టేజీ ఎక్కితే పరువు పోతుందన్న నమ్మకం అక్కడా ఇక్కడా ఒకటే.

ఇక స్టార్ థియేటర్ సంగతి. గుర్ముఖ్ రాయ్ అనే ధనవంతుడైన యువకుడు బినోదినిని కోరుకున్నాడు. ఆమె తనతో ఉంటే నాటకశాల కట్టిస్తానన్నాడు. థియేటర్ మాట మరిచిపోతే యాభై వేల రూపాయలు ఇస్తానని కూడా అన్నాడని ఆమె రాసుకుంది. ఆమె డబ్బు వద్దని థియేటరే కావాలంది. దానికి ఆమె పేరు పెడతామని తోటివాళ్లు ఆశపెట్టారు. తీరా రిజిస్ట్రేషన్ అయ్యాక చూస్తే ‘స్టార్’ అని ఉంది. వేశ్య పేరున్న నాటకశాలకి మర్యాదస్తులు రారని వాళ్ల భయం. 1883 జూలైలో బీడన్ స్ట్రీట్‌లో అది మొదలైంది. అంటే ఆమె శరీరాన్ని వెల కట్టి తెచ్చిన డబ్బు పనికొచ్చింది, ఆమె పేరు పనికిరాలేదు.

పరమహంస ఆశీర్వాదం ఆ మరుసటి ఏడాది. ఆ తర్వాత మూడేళ్లు గడవక ముందే, పాతికేళ్లు నిండకుండానే, ఆమె స్టేజీ వదిలేసింది. ఆమెకి శకుంతల అనే కూతురు పుట్టింది. ఆ పిల్లని బడిలో చేర్పించాలని ఎంతో ప్రయత్నించింది. తల్లి ఫలానా అని తెలిసి చేర్చుకోలేదు. 1904లో ఆ పిల్ల చిన్న వయసులోనే చనిపోయింది. ఆశీర్వాదంతో పావనమైన తల్లి కూతురికి పలకా బలపం ఎందుకు దొరకలేదు? దీనికి జవాబు చెప్పాల్సింది ఆ కథ చెప్పే భక్తులే.

“ఆమె కూడా నమ్మింది కదా!” అని అడుగుతారు. అవును, నమ్మింది. అంత అవమానం పడ్డ మనిషికి ఒక మంచి మాట ఎంతో ఊరట. ఆ ఊరటని మనం వెక్కిరించనక్కర్లేదు. కాని ఒకరికి కలిగిన ఊరట వేరు, సంఘం మారడం వేరు. మొదటిదాన్ని చూపించి రెండోది జరిగిపోయిందనడం మోసం.

నమ్మకం ఉన్నా నిజం మీద పట్టు ఆమె వదలలేదు. తన ఆత్మకథ ‘ఆమార్ కథా’కి గురువైన గిరీశ్ బాబు చేత ముందుమాట రాయించుకుంది. అందులో కొన్ని నిజాలు లేవని ఆమెకి నచ్చలేదు, మళ్లీ రాయమంది. ఆయన రాయకుండానే 1912లో పోయారు. గురువు రాశాడు కదా అని కళ్లకద్దుకోకుండా తిప్పి పంపిన ఆ పని, మన దృష్టిలో, ఏ ఆశీర్వాదం కన్నా గొప్పది.

2024 డిసెంబర్‌లో, ముఖ్యమంత్రిగా ఉన్న మమతా బెనర్జీ స్టార్ థియేటర్‌కి బినోదిని పేరు పెడుతున్నామని ప్రకటించారు. నూట నలభై ఏళ్లు పట్టినా సంతోషించాల్సిందే. అయితే ఆ పేరు పెట్టిన హాతీబాగాన్ థియేటర్ 1888లో మొదలైంది. అప్పటికే ఆమె నటన మానేసింది, పరమహంస 1886లోనే మరణించారు. వాళ్లిద్దరూ కలుసుకున్న బీడన్ స్ట్రీట్ నాటకశాల ఇప్పుడు లేదు, రోడ్డు కోసం కూల్చేశారు. ఇక ఈ భవనంలోనే ఆ ‘లీల’ జరిగిందని ప్రచారం మొదలవక ముందే ఈ తేదీలు గుర్తుపెట్టుకుందాం.

బినోదినిని ఎవరూ ఉద్ధరించలేదు. పన్నెండేళ్లు ఒళ్లు దాచుకోకుండా, దాదాపు ఎనభై నాటకాల్లో నటించి, తర్వాత కలం పట్టి తన కథ తనే చెప్పుకుంది. ఆ కష్టానికి దక్కాల్సిన పేరుని మహిమల ఖాతాలో రాయకుండా ఉంటే, అదే మనం ఆమెకి చేసే మర్యాద.